వీడియో చూస్తే అర్థమవుతుంది, నల్ల తెర ముందు చేయి ఆడదు: లైనక్స్ మొదలుపెట్టేవారికి నా సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బీకాం పూర్తయింది. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నారు. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు అడిగే ఫీజు కట్టే స్తోమత ఇప్పుడు లేదు. మీ అక్క ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్, అందులో విండోస్ 10. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్ మీద ఆరు వారాలుగా పాఠాలు వీడియోల్లో చూస్తున్నారు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటోంది, తీరా ఆజ్ఞలు కొట్టే నల్ల తెర, అంటే టెర్మినల్ ముందు కూర్చుంటే చేయి ఆడడం లేదు. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం కావడంతో తెర మీద వచ్చే ఇంగ్లీషు సందేశాలు భయపెడుతున్నాయి. ఏ కోర్సు మంచిది, ఎన్ని నెలలు పడుతుంది, సంస్థలో చేరకుండా ఇది వస్తుందా అని అడిగారు.

వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా సర్వర్ల నిర్వహణే నా వృత్తి. కొత్తగా చేరినవారికి పని నేర్పించడం కూడా నా బాధ్యతల్లో ఒకటి. బాగా పైకి వచ్చినవారిలో సంస్థల్లో చదివినవారూ ఉన్నారు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా సొంతంగా నేర్చుకున్నవారూ ఉన్నారు. వారందరిలో నేను గమనించిన ఉమ్మడి అలవాటు ఒకటే. ఎంటర్ మీట నొక్కే ముందు, ఇప్పుడు ఏం జరగబోతోందో వారు మనసులో ఒక మాట అనుకుంటారు. తర్వాత నొక్కుతారు. అనుకున్నది జరిగితే ముందుకు వెళతారు. జరగకపోతే అక్కడే ఆగి, ఎందుకు జరగలేదో తేల్చుకుంటారు. వీడియో మీ నుంచి తీసేసుకుంటున్నది సరిగ్గా ఈ ఒక్క క్షణాన్నే. చెప్పేవారు ఆజ్ఞ కొడతారు, ఫలితం వచ్చేస్తుంది, మీరు తల ఊపుతారు. ఊహించే పని మీకు మిగలదు. ఊహించనిదే చేతికి రాదు.

కాబట్టి ఇకనుంచి వీడియోను ఇలా వాడండి. ఆజ్ఞ కొట్టడం పూర్తికాగానే ఆపేయండి. ఫలితం ఏమిటో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. మీ యంత్రంలో మీరు కొట్టండి. ఆ తర్వాతే వీడియోను కదిలించండి. పది నిమిషాల పాఠానికి గంట పడుతుంది. ఆ గంటే చదువు.

కోర్సు సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ ఎక్కువ కాలం వృథా చేసేది దాని దగ్గరే. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో లైనక్స్ పాఠాలు చిన్న చిన్న భాగాలుగా ఉన్నాయి. ఆ ప్రాజెక్టు తన పాఠాలకు తెలుగుతో సహా భారతీయ భాషల్లో గొంతు ఇస్తోంది. తెర మీద ఒక పక్క పాఠం, ఇంకో పక్క మీ టెర్మినల్ పెట్టుకుని చేయడానికే వాటిని తయారు చేశారు. మొదటి నెలకు అది చాలు. తర్వాత ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీలోని సిస్టమ్ కమాండ్స్ పాఠ్యాంశం వీడియోలు చూడండి, యూట్యూబ్‌లో దొరుకుతాయి. మూడో నెలలో ఓవర్ ది వైర్ అనే చోట బ్యాండిట్ అన్న ఆట ఆడండి. దూరంగా ఉన్న ఒక లైనక్స్ యంత్రంలోకి ప్రవేశించి, ఎక్కడో దాచిన సంకేతపదాన్ని వెతికి, దాంతో తర్వాతి మెట్టు ఎక్కాలి. పాఠం చెప్పేవారు ఎవరూ ఉండరు, మీరు ఊహించి తీరాలి. అందుకే నాకు అది అంత ఇష్టం. ఈ మూడూ ఉచితం. నాలుగోది వెతకకండి.

యంత్రం విషయం. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందేమో అన్న మీ భయం సహజం, అయితే అంత తెగింపు అవసరమే లేదు. మొదటి రోజు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా జేఎస్ లైనక్స్ అనే వెబ్‌సైటు తెరవండి. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ప్రోగ్రామర్ 2011లో చేసిన అద్భుతం అది. బ్రౌజర్ లోపలే ఒక కంప్యూటర్ నడుస్తుంది, అందులో లైనక్స్ నడుస్తుంది. ఏం పాడుచేసినా పేజీని మళ్ళీ తెరిస్తే కొత్తగా మొదలవుతుంది. చేయి కాస్త కుదిరాక, విండోస్‌లో నవీకరణలన్నీ పూర్తిచేసుకుని, విండోస్‌లోనే ఆజ్ఞలు కొట్టడానికి ఉన్న పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి వాటికి ఆనించి ఇన్‌స్టాల్ అని కొట్టండి. యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి వెలిగించాక విండోస్ పక్కనే ఉబుంటు అనే లైనక్స్ రకం వచ్చి కూర్చుంటుంది. మీ పాత ఫైళ్ళు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, దీన్ని చాలామంది చెప్పరు. ఆ ఉబుంటు లోపల ఎంఎన్‌టీ అనే డైరెక్టరీ (విండోస్‌లో ఫోల్డర్ అంటారే, అదే) కింద మీ సీ డ్రైవ్ మొత్తం కనిపిస్తుంది. అక్కడ చెరిపితే విండోస్‌లో నిజంగానే చెరిగిపోతుంది. మొదటి రెండు నెలలు అటు వెళ్ళకండి. ఉచితమని చెప్పి కార్డు వివరాలు అడిగే క్లౌడ్ సర్వర్ల జోలికి కూడా ఇప్పుడు వెళ్ళకండి. ఆపడం మరచిపోయిన యంత్రానికి నెలాఖరున బిల్లు వచ్చి ఏడ్చినవారు నాకు తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ సమాధానంలో ఆజ్ఞల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టండి. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ లైనక్స్‌లో తేడా ఉంది. డౌన్‌లోడ్స్ అనే పేరులో మొదటి అక్షరం పెద్దదైతే అది ఒక డైరెక్టరీ, చిన్నదైతే వేరే డైరెక్టరీ.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. నోట్స్ ఫైలును వివరంగా చూపించు అంటాం. టెర్మినల్ భాషలో ఆ వరస తిరగబడుతుంది: చూపించు, వివరంగా, నోట్స్. ముందు చేయవలసిన పని, తర్వాత ఎలా చేయాలో చెప్పే గుర్తు, చివర దేని మీద చేయాలో. ఎల్ఎస్, ఖాళీ, అడ్డగీతకు ఆనించి ఎల్, ఖాళీ, నోట్స్. ఈ మూడు ముక్కలను విడదీసేది ఆ ఖాళీయే. దాన్ని అక్షరంతో సమానంగా చూడండి. ఖాళీ ఎంత పని చేస్తుందో ఈ సమాధానం చివర్లో ఒక సంఘటన చెబుతాను, ఇరవై ఏళ్ళయినా నా మనసులోంచి పోలేదు.

ఈ మూడు ముక్కల వ్యాకరణం పట్టుబడితే మీరు భయపడుతున్న ఇంగ్లీషు సందేశాలు సగం తేలికవుతాయి. మొదట్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేవి మూడే. కమాండ్ నాట్ ఫౌండ్ అంటే మీరు వాడిన క్రియ దానికి తెలియదు. అక్షరం తప్పు పడింది, లేదా ఆ ఉపకరణం ఇంకా యంత్రంలో లేదు. నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటే క్రియ సరిగ్గానే ఉంది, మీరు చూపిన వస్తువు అక్కడ లేదు. పేరు తప్పు కావచ్చు, లేదా మీరు నిలబడిన చోటు వేరు కావచ్చు. పర్మిషన్ డినైడ్ అంటే క్రియా సరే, వస్తువూ సరే, మీకు హక్కు లేదు. తప్పు ఏ ముక్కలో ఉందో అది వేలు పెట్టి చూపిస్తోంది. కోపంగా అరుస్తున్నట్టు అనిపించే ఆ వాక్యం నిజానికి మీకు దొరికే అతి నిజాయితీ గల జవాబు. చదవకుండా పైకి జరిపేయకండి. నోటుపుస్తకంలో రాసి పక్కన తెలుగులో అర్థం రాసుకోండి. ఇన్‌వాలిడ్ ఆప్షన్, మిస్సింగ్ ఆపరాండ్, యూసేజ్ లాంటి మాటలే తిరిగి తిరిగి వస్తాయి. నెల రోజుల్లో మీ పుస్తకంలో ఒక యాభై మాటలు చేరతాయి, ఆ తర్వాత కొత్తవి రావడం తగ్గుతుంది. ఈ పనికి కావలసిన ఇంగ్లీషు అంతే. నవల చదివేంత ఇంగ్లీషు అవసరం లేదు.

దానికి తిరుగు వైపు కూడా ఉంది. సీపీ తో ఒక ఫైలును నకలు తీశారనుకోండి, యంత్రం ఏమీ అనదు. కొత్త వరస వచ్చి మెరుస్తూ ఉంటుంది. పని జరగలేదేమో అని మళ్ళీ మళ్ళీ కొట్టేవారిని చూశాను. మౌనం అర్ధాంగీకారం అంటాం, ఇక్కడ మౌనం పూర్తి అంగీకారం. ఏమీ అనలేదంటే పని జరిగినట్టే. సంకేతపదం అడిగినప్పుడు మీరు కొడుతున్నా సాధారణంగా తెర మీద చుక్కలు కూడా కనిపించవు. మీట చెడిపోలేదు, ఎన్ని అక్షరాలో పక్కవారికి తెలియకూడదనే ఆ ఏర్పాటు. విండోస్ అలవాటుతో కంట్రోల్, ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోతుంది. అది దాచుకోవడం కాదు, తెర మీదికి అక్షరాలు రావడం ఆపమని పాతకాలపు సైగ. కంట్రోల్, క్యూ నొక్కండి, కదులుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక యంత్రం కొయ్యబారిపోయిందని ల్యాప్‌టాప్ ఆపేసినవారు ఎంతమందో.

పేర్లు ఎందుకింత కురచగా, నోరు తిరగకుండా ఉన్నాయని అడిగారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టినప్పుడు వారు ఆజ్ఞలు కొట్టింది ఇలాంటి తెర ముందు కాదు. టెలిటైప్ ఉండేది, అంటే కాగితం మీద కొట్టే విద్యుత్ టైపు యంత్రం. ఆ కాలంలో బాగా వాడుకలో ఉన్న 33వ నమూనా సెకనుకు 10 అక్షరాలే కొట్టేది, మీటలు గట్టిగా ఉండేవి. అక్షరం దాచుకోవడం అప్పటి అవసరం. అందుకే లిస్ట్ ఎల్ఎస్ అయింది, కాపీ సీపీ అయింది, మూవ్ ఎంవీ, రిమూవ్ ఆర్ఎం. అచ్చులు రాలిపోయి హల్లులు మిగిలాయి. మీ టెర్మినల్‌లో టీటీవై అని కొట్టి చూడండి. టెలిటైప్ అన్న మాట ఇంకా అందులో బతికే ఉంది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి తన లైనక్స్ కెర్నెల్‌ను ప్రపంచం ముందు పెట్టినప్పుడు ఆ పాత అలవాట్లే కొనసాగాయి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ ఆ కెర్నెలే. పేరు వెనుక మాట తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు. ప్రతి కొత్త ఆజ్ఞకు ముందు అది ఏ మాటకు కుదింపో వెతకండి.

మీరు ఎక్కడ నిలబడ్డారో తెలుసుకోవడం తర్వాతి విషయం. విండోస్‌లో సీ, డీ అని విడివిడి ఇళ్ళు. లైనక్స్‌లో ఒకే చెట్టు, దాని మొదలు పేరు ఒక ఏటవాలు గీత. అక్కడి నుంచి కొమ్మలు. మీ హాస్టల్ చిరునామాను రెండు రకాలుగా చెప్పవచ్చు. హైదరాబాద్, అమీర్‌పేట, ఫలానా వీధి, మూడో అంతస్తు అంటే ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరినా చేరతారు. మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఎడమ చేతి వైపు రెండో సందు అంటే ఆ మెట్ల దగ్గర నిలబడినవారికే అది పనికొస్తుంది. ఏటవాలు గీతతో మొదలయ్యే దారి మొదటి రకం, అది లేకుండా మొదలయ్యేది రెండో రకం. పీడబ్ల్యూడీ కొడితే ఇప్పుడు ఎక్కడున్నారో చెబుతుంది. సీడీ తర్వాత ఖాళీ వదిలి రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి. ఒట్టి సీడీ కొడితే ఇంటికి, అంటే మీ సొంత డైరెక్టరీకి. దారి తప్పినట్టు అనిపించిన ప్రతిసారీ ముందు పీడబ్ల్యూడీ, తర్వాత ఎల్ఎస్. పేర్లు పూర్తిగా కొట్టకండి, రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కండి. అది పూరించకపోతే ఆ పేరుతో అక్కడ ఏమీ లేదని, లేదా ఒకే మొదలున్న పేర్లు చాలా ఉన్నాయని అర్థం. అంటే ఎంటర్ కొట్టకముందే మీ ఊహ సరైనదో కాదో ట్యాబ్ చెప్పేస్తోంది.

ఊహించడం ఎంత నేర్పుతుందో చూపడానికి కొత్తవారి చేత నేను ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. అమ్మ అన్న మాటలో ఎన్ని అక్షరాలు? రెండు, ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. ఇప్పుడు ఎకో అమ్మ అని కొట్టి, నిలువు గీత పెట్టి, డబ్ల్యూసీ, అడ్డగీతకు ఆనించి సీ అని కొట్టండి. ఎకో అంటే ఇచ్చిన మాటను తిరిగి చూపేది, డబ్ల్యూసీ అంటే లెక్కించేది. రెండు వస్తుందని ఊహిస్తారు. 13 వస్తుంది. సీ బదులు ఎం పెడితే 5 వస్తుంది. రెండు ఎక్కడ, అయిదు ఎక్కడ, పదమూడు ఎక్కడ? యంత్రం మన మాటను అ, మ, పొల్లు, మళ్ళీ మ అని నాలుగు గుర్తులుగా దాచుకుంటుంది. మ్మ అన్న ఒత్తు దానికి ఒక అక్షరం కాదు, మూడు గుర్తుల కూర్పు. ఎకో చివర ఒక కొత్త వరస గుర్తును కలుపుతుంది, కాబట్టి అయిదు. ఎం లెక్కపెట్టేది ఈ గుర్తులను, సీ లెక్కపెట్టేది బైట్లను, అంటే వాటిని దాచడానికి పట్టే చోటును. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. నాలుగు మూళ్ళు పన్నెండు, కొత్త వరసకు ఒకటి, మొత్తం పదమూడు. ఈ లెక్క చేసి చూశాక కంప్యూటర్‌లో అక్షరం అంటే ఏమిటో ఎవరూ మరిచిపోవడం నేను చూడలేదు. మొదటే పాఠంగా చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. రెండు అనుకుని పదమూడు చూశారు కాబట్టి గుర్తుంటుంది.

ఆ నిలువు గీత గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. దాని పేరు పైప్. డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే బెల్ ల్యాబ్స్ సహోద్యోగి పట్టుబట్టగా 1973లో థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో చేర్చాడు. మన ఊళ్ళో స్లాబు వేసే రోజు చూసే ఉంటారు. కలిపిన కాంక్రీటును గమేళాల్లో ఎత్తి, కింది నుంచి పైకి వరసగా నిలబడినవారు చేతులు మారుస్తూ అందిస్తారు. ఒకరు నింపుతారు, ఒకరు అందుకుంటారు, ఒకరు పోస్తారు. కింద మొత్తం నింపడం పూర్తయ్యాకే పైన పోయడం మొదలవదు, అందరూ ఒకేసారి పనిలో ఉంటారు. పైప్ అదే. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కటే పని, వచ్చినదాన్ని పక్కదానికి అందిస్తుంది.

దీన్ని మీ సొంత విషయం మీద చేయండి. హాస్టల్‌లో నెల రోజుల పాటు ఉదయం పెట్టిన టిఫిన్ ఏమిటో రోజుకొక వరస చొప్పున టిఫిన్ అనే ఫైలులో రాయండి, ఇంగ్లీషు అక్షరాలతోనే: ఇడ్లీ, ఉప్మా, పూరీ, ఇడ్లీ, ఉప్మా. ఏది ఎన్నిసార్లు వచ్చిందో కావాలి. యూనిక్ (యు, ఎన్, ఐ, క్యూ అని నాలుగే అక్షరాలు) అనే ఆజ్ఞ ఒకేలాంటి వరసలను కలుపుతుందని, దానికి సీ అన్న గుర్తు జోడిస్తే లెక్క కూడా చెబుతుందని చదివి ఉంటారు. నేరుగా యూనిక్ -సీ టిఫిన్ అని కొట్టండి. ఇడ్లీ 1, ఉప్మా 1, పూరీ 1, మళ్ళీ ఇడ్లీ 1 అని వస్తుంది. ఊహ తప్పింది, ఆగండి. యూనిక్ తన చేతిలో ఉన్న వరసను దానికి ఆనుకుని ఉన్నదానితో మాత్రమే పోలుస్తుంది. మూడు రోజుల కిందటి ఇడ్లీ దానికి గుర్తుండదు. అందుకని ముందు ఒకేలాంటివాటిని పక్కపక్కన చేర్చాలి: సార్ట్ టిఫిన్ | యూనిక్ -సీ. ఇప్పుడు లెక్క సరిగ్గా వస్తుంది. ఎక్కువసార్లు వచ్చింది పైన ఉండాలంటే: సార్ట్ టిఫిన్ | యూనిక్ -సీ | సార్ట్ -ఎన్ఆర్. ఎన్ అంటే అంకెలుగా పోల్చమని, ఆర్ అంటే తిరగేయమని. గమేళాల వరసలో సార్ట్ మాత్రం కాస్త వేరు. చివరి గమేళా వచ్చేదాకా అది ఏదీ ముందుకు అందించలేదు, ఎందుకంటే అన్నిటికంటే ముందు ఉండవలసినది ఆఖరున రావచ్చు. పెద్ద ఫైళ్ళ మీద ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

పైప్‌ను ఒక్కసారిగా మొత్తం రాయకండి. ఒక ముక్క రాసి, ఫలితం ఊహించి, చూసి, తర్వాతి ముక్క అతికించండి. పాత ఆజ్ఞ కోసం పైబాణం మీట నొక్కితే చాలు.

ఆ ఫైలును విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాశారనుకోండి. చివరి రోజు ఇడ్లీ విడిగా, మిగతా ఇడ్లీలు విడిగా లెక్కకు రావచ్చు. కళ్ళకు రెండూ ఒకటే. నోట్‌ప్యాడ్ వరస చివర రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్ ఒకటే ఆశిస్తుంది. అదనంగా మిగిలిన గుర్తు ఇడ్లీకి తోకలా అంటుకుంటుంది. చివరి వరస తర్వాత ఎంటర్ కొట్టలేదు కాబట్టి దానికి తోక లేదు. క్యాట్ -ఏ అని కొట్టి చూడండి, ఇక్కడ ఏ మాత్రం పెద్ద అక్షరం. దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. ఇంగ్లీషు అక్షరాలతో రాయమన్నది ఇందుకే, తెలుగులో రాస్తే ఈ పరీక్షలో తెర నిండా అర్థంకాని గుర్తులు వస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మీకు ఈ తోక ఎదురవుతుందని నేను గట్టిగా చెప్పగలను.

అనుమతుల గురించి ఎక్కువ చెప్పను. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమానికి, బృందానికి, మిగతావారికి అని మూడు అంకెలు. 644 అంటే యజమాని చదివి రాస్తాడు, మిగతావారు చదువుతారు. ఏది ఆగిపోయినా 777 పెట్టమని సలహా ఇచ్చేవారి మాట మాత్రం వినకండి. తాళం పట్టడం లేదని తలుపే పీకేయడం అది. అలాగే యంత్రం మీద పూర్తి అధికారం ఇచ్చే సూడో అన్న మాటతో మొదలయ్యే వరసను ఎక్కడి నుంచో తెచ్చి అతికించకండి. అందులోని ప్రతి ముక్క ఏం చేస్తుందో చెప్పగలిగితేనే కొట్టండి. ఏ ఆజ్ఞ గురించైనా మ్యాన్ తర్వాత దాని పేరు కొడితే వివరం యంత్రంలోనే ఉంటుంది, బయటికి రావడానికి క్యూ. 2003లో నేను నేర్చుకునే రోజుల్లో ఆ పేజీలను ఇంటర్నెట్ కేంద్రంలో అచ్చు తీయించుకుని, సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు వెళ్ళే బస్సులో చదివేవాడిని. ఒక పేజీ చదివి, దానిలోని రెండు గుర్తులు ఏం చేస్తాయో రాసుకుని, సాయంత్రం ల్యాబులో నాకు కేటాయించిన గంటలో సరిచూసుకునేవాడిని. యంత్రం దొరికే సమయం తక్కువ కావడం వల్లే ముందుగా ఊహించడం అలవాటైంది. మీకు యంత్రం రోజంతా ఉంది, కాబట్టి ఆ అలవాటును మీరు పనిగట్టుకుని చేసుకోవాలి.

ఇక ఖాళీ సంగతి. 2006లో నేను ఒక సంస్థలో రాత్రి విధుల్లో ఉన్నాను. ఒక డైరెక్టరీలో ఓల్డ్ అన్న మాటతో మొదలయ్యే పాత ఫైళ్ళను తీసేయాలి. ఓల్డ్ తర్వాత నక్షత్రం గుర్తు ఆనించి రాస్తే ఆ మాటతో మొదలయ్యేవన్నీ అని అర్థం. నేను ఆర్ఎం ఓల్డ్ అని కొట్టి, చేయి జారి ఒక ఖాళీ వదిలి, తర్వాత నక్షత్రం కొట్టాను. ఆ ఖాళీతో వస్తువులు రెండయ్యాయి: ఓల్డ్ అనే పేరున్న ఒక ఫైలు, ఆ పక్కన సమస్తం. ఓల్డ్ అనే ఫైలు లేదని ఒక వరస వచ్చింది. ఆ వరసను నేను రెండుసార్లు చదివాను. మూడోసారి అర్థమైంది. ఎల్ఎస్ కొడితే డైరెక్టరీలో ఏమీ లేదు. లైనక్స్‌లో ఆర్ఎంకు చెత్తబుట్ట ఉండదు, పోయింది పోయినట్టే. అంతకుముందు రాత్రి తీసిన నకలు ఉండబట్టి చాలావరకు తిరిగి వచ్చింది, అయితే ఆ పగలు మా బృందంలో ఆరుగురు చేసిన పని పోయింది. తెల్లవారాక ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వెళ్ళి నేనే చెప్పాను.

ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నది ఇది. నక్షత్రాన్ని విప్పి పేర్లుగా మార్చేది ఆర్ఎం కాదు, మీరు కొట్టిన వరసను ముందుగా చదివే షెల్. ఆర్ఎం చేతికి పేర్ల జాబితా మాత్రమే వెళుతుంది, మీరు నక్షత్రం కొట్టారని కూడా దానికి తెలియదు. కాబట్టి ఆర్ఎం ఉన్న చోట ముందు ఎకో అని పెట్టి అదే వరస కొట్టండి. ఏయే పేర్లు పోతాయో తెర మీద కనిపిస్తాయి. చూసి, లెక్కపెట్టి, పైబాణం నొక్కి, ఎకోను ఆర్ఎంగా మార్చండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఎన్ని నెలలు అన్నదానికి నా అంచనా: రోజుకు ఒక గంట, వారానికి ఆరు రోజులు, మూడు నెలలు. దీంతోనే ఉద్యోగం రాదమ్మా, ఆ మాట దాచడం తప్పవుతుంది. ఇది పునాది. దీని మీద క్లౌడ్, టెస్టింగ్, సర్వర్ల నిర్వహణ, డేటా పనులు ఏవైనా కట్టుకోవచ్చు. మీ బీకాం వృథా కాదు, లెక్కల ఫైళ్ళను సరిపోల్చే పనిలో పద్దులు తెలిసినవారికి విలువ ఎక్కువ. సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే డబ్బు కట్టకండి. ఈ రంగంలో పేరున్న రెడ్ హ్యాట్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పరీక్షలో సమాధానాలు గుర్తించడం ఉండదు, నిజమైన యంత్రం ఇచ్చి పని చేసి చూపమంటారు. చేయి ఆడేదాకా దాని ఊసు వద్దు. సంస్థల్లో దొరికేదీ, మీకు ఒంటరిగా దొరకనిదీ ఒకటుంది: పక్కన కూర్చుని నేర్చుకునే మనిషి. హాస్టల్‌లోనే మరొకరిని వెతకండి. ఒకరు ఆజ్ఞ చెప్పాలి, ఇంకొకరు ఫలితం ఊహించాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది, వారి కార్యక్రమాల మీద ఒక కన్నేసి ఉంచండి.

ఈ రాత్రికి ఒక్క పని. జేఎస్ లైనక్స్ తెరిచి, ఎల్ఎస్, ఖాళీ, ఏటవాలు గీత కొట్టండి. ఏయే పేర్లు వచ్చాయో చూడండి. తర్వాత అదే వరసకు నిలువు గీత, డబ్ల్యూసీ -ఎల్ జోడించబోతున్నారు. ఎల్ అంటే వరసల లెక్క. మొదటిసారి పేర్లన్నీ తెర మీద పక్కపక్కన వరసలు కట్టి వచ్చాయి కదా, మరి ఇప్పుడు లెక్క ఎంత వస్తుంది? కాగితం మీద అంకె రాశాకే ఎంటర్ నొక్కండి. మీరు రాసిన అంకె, యంత్రం చెప్పిన అంకె రెండూ నాకు రాయండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందని మీకు అనిపించిందో అది కూడా రాయండి, తప్పైనా సరే. అక్కడి నుంచి తర్వాతి పాఠం మొదలుపెడదాం.